పదిహేడు అంగుళాలు

పోయిన వారం రాస్తూ చీటీ దగ్గర ఆపాను. ఈ వృద్ధుల విశ్రాంతి గృహం ఆఫీసు వాళ్ళు మా గది తలుపు కింద నుంచి తోసిన చీటీ అది. గురువారం ఉదయం పదింటికి కొలతల అమ్మాయి వస్తుంది, గదిలోనే ఉండండి అని రాశారు. ఒంట్లో సత్తువకి పన్నెండు మార్కుల పరీక్ష. ఎనిమిది వస్తే మేడ మీది గదిలో మొగుడూ పెళ్ళాం కలిసి ఉండొచ్చు. ఏడుకి పడితే కింది వార్డు. పడినవాళ్ళొక్కరే దిగాలి. రెండోవాళ్ళు పైనే ఒంటిగదికి మారాలి. కింద మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క.

ఏడాది కిందట నాకు పది వచ్చాయి. ఆరు నెలల కిందట తొమ్మిది.

చీటీ చదివి నా భార్య నా చెప్పులు తడిగుడ్డతో తుడిచి మంచం పక్కన పెట్టింది.

పది కాకముందే ఆ అమ్మాయి వచ్చింది. ఇదివరకు ఒక పెద్దాయన వచ్చేవాడు, ఆయన పని మానేశాడట. ఈ పిల్లకి పాతికేళ్ళుంటాయి. మెడలో స్టాప్‌వాచీ, చంకలో కాగితాల అట్ట, భుజాన సంచీ.

"బాగున్నారా తాతగారూ?"

"అది నువ్వు చెప్పాలి. అందుకేగా వచ్చావు."

ఆ అమ్మాయి నవ్వింది. నా భార్య నవ్వలేదు. మంచం మీద కూర్చుని ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది.

ముందు ప్రశ్నలు అడిగింది.

"స్నానం మీరే చేస్తారా?"

"చేస్తాను."

"నీళ్ళు ఎవరైనా పోస్తారా?"

"నేనేం పసిపిల్లాణ్ణా?"

"బట్టలు?"

"నేనే."

"చొక్కా బొత్తాలు?"

విప్పి పెట్టి చూపించాను. ఒక్కటీ చేతిలోంచి జారలేదు.

"మంచం మీంచి లేవడం?"

"రోజూ లేస్తున్నాను. లేవని రోజు కబురు పంపిస్తాలే."

"అబ్బో! మామ్మగారూ, అన్నీ నిజమేనా?"

"ఆయన చెప్పారు కదా" అంది నా భార్య. మడత పెట్టిన తువ్వాలే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

సాయం చేసేవారు అన్నచోట ఎవరూ లేరు అని రాసుకుంది ఆ అమ్మాయి. రాసేది పైకి చదువుతూ రాసే అలవాటు ఉన్నట్టుంది.

తరవాత నిలబెట్టింది. పాదాలు పక్కపక్కన పెట్టి పది సెకన్లు. ఒకటి కాస్త ముందుకి జరిపి పది సెకన్లు. ఆ తరవాత ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి నిలబడమంది. ఆరు లెక్కపెట్టేసరికి గోడ పట్టుకున్నాను. నాలుగుకి మూడు వేసింది. నడవాలో నాలుగు మీటర్ల దూరానికి రంగు టేపు అంటించి నడవమంది. మామూలుగానే నడిచాను అనుకున్నాను. స్టాప్‌వాచీ అలా అనుకోలేదు. నాలుగుకి రెండు.

"ఇంక కుర్చీ ఒక్కటే ఉంది. చేతులు గుండె మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. మా కుర్చీ కింద ఆఫీసులో ఉంది. తెప్పించనా?"

"నా కుర్చీకేం వచ్చింది? నేను చేసిందే. ఎత్తు పదిహేడు అంగుళాలు. రాసుకో."

రాసుకుంది. పెన్నుతోనే రాసుకుంది.

కూర్చున్నాను. చేతులు కట్టుకున్నాను. ఐదుసార్లు లేచాను. మోకాళ్ళు పలికాయి గానీ ఎదురు తిరగలేదు. పన్నెండున్నర సెకన్లు.

"మూడు మార్కులు! మూడూ రెండూ ఐదు, ఐదూ మూడూ ఎనిమిది. గట్టివారే తాతగారూ."

నా భార్య తువ్వాలు పక్కన పెట్టింది. ఊపిరి వదలడం నాకు వినబడింది. "టీ తాగుతావా తల్లీ?" అంది. పొద్దుటి నించీ అదే మొదటిసారి ఆమె మొహం తేటపడడం.

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. యాభై ఏళ్ళు మాట్లాడాల్సిన చోటల్లా నోరు మూసుకున్నవాణ్ణి, ఆ ఒక్కచోట తెరిచాను.

"కొలవకుండానే రాసుకున్నావేం?" అన్నాను.

"ఏంటి తాతగారూ?"

"కుర్చీ ఎత్తు."

"మీరు చెప్పారు కదా."

"ఎవరు చెప్తే మాత్రం? నా దగ్గర పని నేర్చుకునేవాడు అలా రాసుకుంటే చేతి మీద ఒకటి వేసేవాణ్ణి. కొలతలు తీయడమే నీ ఉద్యోగం. కొలువు."

"ఎందుకండీ ఇప్పుడు?" అంది నా భార్య. "రాసేసుకుంది కదా. ఆ పిల్ల ఇంకా నాలుగు గదులు తిరగాలి. పోనివ్వండి."

"ఒక్క నిమిషం పని."

"పోనివ్వండి అంటున్నానా!"

గొంతు మారింది. నేను పట్టించుకోలేదు. ఈ అమ్మాయి ముందు నా పని నిలబడాలి, అంతే ఉంది మనసులో. వాచీ పట్టుకుని నన్ను అరగంట ఆడించింది, నేనూ ఒకటి చూపించాలనుకున్నాను.

ఆ అమ్మాయి సంచీలోంచి టేపు తీసి కూర్చునే పలక నుంచి నేల దాకా పట్టింది. చూసింది. మళ్ళీ పట్టింది.

"ఇరవై ముప్పావు తాతగారూ."

"నీ టేపు తప్పు."

సొరుగులో నా మడత స్కేలు ఉంది. ముప్ఫై ఏళ్ళ నించీ నన్ను మోసం చేయనిది అదొక్కటే. నేను వంగలేనని ఆ అమ్మాయే కింద పట్టుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను.

ఇరవై ముప్పావు.

ముసలితనంలో మనిషి కుంగుతాడు. కుర్చీ పెరగదు.

తిరగేయమన్నాను. ఆ అమ్మాయి నా భార్య వైపు చూసి తిరగేసింది. కుర్చీ కాలు మీద గోరు పెట్టి కిందికి లాగాను. వార్నిష్ నున్నగా ఉంది. రంగు తేడా లేదు. ఒకచోట గోరు ఆగింది. ఇంకా కిందికి లాగితే ఇంకోచోట. ఇంకోచోట. వెంట్రుకంత గీతలు మూడు. నాలుగు కాళ్ళకీ మూడేసి. ఏటవాలుగా కోసి, పాత కాలి చెక్క చార కొత్త ముక్కలోకి పారేలా చూసి వేసిన అతుకులు. ఆ అతుకు నేను ఒక్కడికే నేర్పాను.

"ఎప్పుడు?" అన్నాను.

నా భార్య మంచం మీంచి లేవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"మూడేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే కుర్చీలోంచి లేవలేకపోయారు. కాలు తిమ్మిరెక్కింది అన్నారు. మర్నాడూ తిమ్మిరే. ఆ వారమంతా తిమ్మిరే. అప్పుడు వేయించాను మొదటిది."

"మంచానికి?"

"మంచానికీ."

"బల్లకి?"

"బల్ల వదిలేస్తే మీకు తెలిసిపోదూ?"

ఆ మధ్య కిటికీ కిందికి దిగినట్టు అనిపించింది నాకు. కళ్ళద్దాల తప్పు అనుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళి అద్దాలు మార్పించుకున్నాను కూడా. కిటికీ ఎక్కడిదక్కడే ఉంది. ఇల్లంతా ఒక్కొక్క వేలెడు లేచింది, నేను కూర్చుని ఉండగా. పాదాలు తేలతాయని మందం అట్టల చెప్పులు తెచ్చింది. నేల చల్లగా ఉంటోందని చెప్పింది. ఎంత ప్రేమో అనుకున్నాను.

"ఇంకేం చేశావు?"

"ఎందుకవన్నీ?"

"చెప్పు."

"చొక్కాల కాజాలన్నీ కోసి పెద్దవి చేసి మళ్ళీ కుట్టాను." పెళ్ళయిన దగ్గర్నించీ బట్టల మిల్లులో కాజాలు కుట్టిన మనిషి ఆమె. "స్నానం చెంబు మార్చాను, ఇది పాతదానిలో సగం బరువు. కుళాయి వదులు చేయించాను. గడప అరగదీయించాను."

"నాకు కనపడలేదే!"

"మీ కళ్ళు మీ పని మీదే కదా ఉండేది. మీరు చేసిన కుర్చీ అని చూస్తారు, కుర్చీని చూడరు. నేనూ అంతే, మీరు చేసుకున్న పెళ్ళాన్ని."

ఆ అమ్మాయి అట్ట గుండెలకి ఆనించుకుని నిలబడింది. వెళ్ళాలో ఉండాలో తెలియనట్టుంది.

"తాతగారూ" అంది మెల్లగా. "నేను పెన్నుతో రాసేశాను. కొట్టివేతలుంటే పైవాళ్ళు నన్ను అడుగుతారు. అలాగే వదిలేద్దామా?"

"వదిలెయ్ తల్లీ" అంది నా భార్య. "నీకు పుణ్యముంటుంది."

"కొట్టెయ్" అన్నాను.

"ఎనిమిది వచ్చిందండీ. ఎనిమిది."

"కుర్చీకి వచ్చింది. నాకు కాదు."

"ఎవరికి వస్తే ఏం? మన గది మనకుంటుంది."

"మూడేళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"మూడేళ్ళు మిమ్మల్ని నా పక్కన ఉంచుకున్నాను. దానికి మీ భాషలో అదా పేరు?"

నేను ఆ అమ్మాయికి చెప్పాను, నీ కుర్చీ తెప్పించు అని.

ఫోన్ చేసింది. కుర్చీ మోసుకొచ్చింది రంపం. వాడి అసలు పేరు అందరూ మరిచిపోయారు. నిద్రలో గురక రంపం కోసినట్టు ఉంటుందని నా దగ్గర పనికి చేరిన మొదటి వారమే నేను పెట్టిన పేరు. పన్నెండేళ్ళు నా కింద నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడికీ యాభై అయిదు దాటాయి, ఈ గృహంలో వడ్రంగి వాడే.

గుమ్మంలో అడుగు పెట్టి నా కుర్చీ తలకిందులుగా ఉండడం చూశాడు. చేతిలో కుర్చీ దించడం మరిచిపోయాడు.

"ఎవరు చేయమన్నార్రా?"

"అమ్మ."

"నన్నడగాలని తోచలేదా?"

"అడిగితే ఒప్పుకునేవారా మేస్త్రీ?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

"ఎక్కడ కూర్చుని చేశావు?"

"మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుల్లో. రెండు గంటలుండేది టైము. జిగురు ఆరడానికి భయమేసేది. మీరొచ్చి కూర్చున్నప్పుడల్లా నేను కింద గదిలో పైకప్పు చూస్తూ ఉండేవాణ్ణి." ఆగలేకపోయాడు. "అతుకు ఎలా ఉంది మేస్త్రీ?"

ఇంత జరుగుతుంటే వాడికి అది కావాలి. నేనైనా అదే అడిగి ఉండేవాణ్ణి.

"కనపడలేదు" అన్నాను.

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళలో నేను వాడి పనిని మెచ్చుకోవడం అదే మొదలు. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు.

ఆ అమ్మాయి ఇనుప కాళ్ళ కుర్చీని గోడకి ఆనించింది. టేపుతో కొలిచి నాకు చూపించి మరీ రాసుకుంది. పదిహేడు.

కూర్చున్నాను. కూర్చోవడం కాదది, పడడం. నా ఒళ్ళు ఇరవై ముప్పావు దగ్గర ఆగుదామనుకుంది, అక్కడ పలక లేదు. మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చినట్టయింది. చేతులు కట్టుకున్నాను.

"మొదలుపెట్టండి తాతగారూ."

మొదటిసారి లేచాను. ఎలా లేచానో నాకు తెలుసు, ముందుకి ఊగి, పళ్ళు బిగించి. రెండోసారి రెండు ఊపులు పట్టింది. మూడోసారి సగం దాకా లేచి, గాలిలో కాసేపు ఉండి, వెనక్కి పడ్డాను. కుర్చీ గోడకి కొట్టుకుంది. ఇంకోసారి ప్రయత్నించాను. తొడలు వణికాయి తప్ప పైకి రాలేదు. రంపం ఒక అడుగు ముందుకేశాడు. వాడి వైపు చూశాను. ఆగిపోయాడు.

స్టాప్‌వాచీ నొక్కిన చప్పుడు. ఎన్నొచ్చాయో ఆ అమ్మాయి చదవలేదు. పైకి చదివే అలవాటు ఉన్న పిల్ల, ఈసారి చదవకుండా రాసింది. నాకు తలకిందులుగా కనబడింది. ఎటు తిప్పినా సున్నా సున్నాయే.

మూడూ రెండూ ఐదు.

"సోమవారం పదింటికి చక్రాల కుర్చీతో వస్తారు" అంది. "సామాన్లు ఒక పెట్టెలో సరిపోయేలా చూసుకోండి. నన్ను క్షమించండి తాతగారూ."

"నువ్వేం చేశావు? కొలిచావు."

రంపం నన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టాడు. ఆ మంచం మీద కూర్చోవడం ఎంత సుఖంగా ఉందో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఒళ్ళు మండింది.

నా భార్య లేచి నాలుగడుగులు నడిచి ఆ ఇనుప కుర్చీలో కూర్చుంది.

"నన్నూ కొలువు."

"మీ వంతుకి ఇంకా మూడు నెలలుంది మామ్మగారూ."

"ఇప్పుడే కొలువు. కావాలంటే కొలవొచ్చని మీ కాగితంలోనే ఉంది. చదివాను."

చేతులు గుండె మీద కట్టుకుంది. ఆ అమ్మాయి వాచీ నొక్కింది. నా భార్య కదల్లేదు. కళ్ళు కిటికీ మీద పెట్టుకుని రాయిలా కూర్చుంది. వాచీ పరిగెడుతోంది.

"లేవండి మామ్మగారూ."

"రావట్లేదు."

"పొద్దున మీ గది ముందు నుంచి వెళ్తూ చూశాను, పరుపు ఎత్తి దులుపుతున్నారు మీరు."

"అప్పుడొచ్చింది. ఇప్పుడు రావట్లేదు. ముసలిదాన్ని, నా కాళ్ళు నా మాట వినవు. నాకూ సున్నా వెయ్. నన్నూ దించండి కిందికి."

ఆ అమ్మాయి వాచీ ఆపింది. నా వైపు తిరిగింది. "తాతగారూ, ఇందాక కొట్టెయ్ అన్నది మీరే. మీరు ఏది చెప్తే అది రాస్తాను. ఈవిడ లేవగలరా, లేదా?"

కింది వార్డు సంగతి నా భార్యకి తెలియదు. మేడ మీది వాళ్ళని వరండా దాటి లోపలికి రానివ్వరు. మగవాళ్ళ మంచాలు ఒక పక్క, ఆడవాళ్ళవి ఒక పక్క అంటే, మధ్యలో దారి ఉంటుంది, నేను ఇటు తిరిగి పడుకుంటే ఆమె అటు నుంచి కనబడుతుంది అనుకుంటోంది. మధ్యలో దారి లేదు. చెక్క అడ్డు ఉంది. ఎనిమిదడుగుల ఎత్తు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, వెలుతురు కూడా దూరకుండా. మేం ఇక్కడికి రావడానికి ఆరేళ్ళ ముందు నాకు ఆ పని ఇచ్చారు. మంచాల పక్క కమ్మీలు కూడా నేనే చేశాను. మనిషి తనంతట తాను దిగలేనంత ఎత్తు ఉండాలన్నారు. కొలిచి చేశాను. పని బాగుందన్నారు. అవన్నీ ఆమెకి చెప్పాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

లేవలేదు అని నేనంటే ఆ కమ్మీల వెనక పడుకుంటుంది. పరుపు ఎత్తి దులిపే మనిషి. ఇంత చేసీ నన్ను చూసే వీలుండదు.

"లేస్తుంది" అన్నాను.

ఆమె కిటికీ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు.

చేతులు విప్పకుండా ఒక్క ఊపున లేచింది. "ఒకటి" అంది పైకి. కూర్చుంది. లేచింది. "రెండు." అయిదూ తనే లెక్కపెట్టింది. ఒక్కొక్క అంకె నా మొహాన పెట్టి లెక్కపెట్టింది.

"నాకెన్ని తల్లీ?"

"నాలుగు" అంది ఆ అమ్మాయి. వినీ వినపడనట్టు.

"రాసుకో. ఆయనకి నిజం ఇష్టం. సోమవారం దాకా ఎందుకు, కింద ఇవాళ మంచం ఖాళీ లేదూ?"

"ఉంటుంది మామ్మగారూ, కానీ ఇవాళే అంటే..."

"ఫోన్ చెయ్."

ఆ అమ్మాయి నన్ను చూసింది. నేను ఏదో ఒకటి అంటానని చూసింది. ఫోన్ చేసింది.

నా భార్య మంచం కిందికి వంగి నా రేకు పెట్టె బయటికి లాగింది. మూత తెరిచింది. "ఆయనకి కింద ఏమేం కావాలో చెప్పమ్మా, సర్దుతాను" అంది. నన్ను అడగలేదు. ఆ అమ్మాయిని అడిగింది. నా చొక్కాలు తీసి ఒక్కొక్కటే పెట్టెలో వేస్తోంది. మడత పెట్టడం లేదు.

"నీ కోసమే అన్నాను" అన్నాను. బయటికి వచ్చిందో లేదో నాకే తెలియదు. ఆమె వినలేదు.

రంపం విన్నాడు. ఇంతసేపూ గోడకి అంటుకుని నిలబడ్డవాడు, నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఆ చెక్క అడ్డుకి రెండో చివర పట్టుకుని మేకులు కొట్టింది వాడే.

"అమ్మా" అన్నాడు. "కింద ఆ అడ్డు సంగతి మేస్త్రీ నీకు చెప్పలేదా?"

"చెప్పకురా" అన్నాను.

నా భార్య చేతిలో చొక్కా ఆగింది. పెట్టె మీంచి తలెత్తింది. వాణ్ణి కాదు, నన్ను చూసింది.

"ఏ అడ్డు?"

నడవాలో చక్రాల చప్పుడు మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది.